పెదవి ముందు, పలుకు వెనుక

ఇంటిలోని పెద్దవారు "ఏమో, సరిగా వినబడుటలేదు" అన్నంతనే మనము వారి చెవులనే తప్పుపట్టుదుము. అట్లు తొందరపడి, పిదప సిగ్గుపడిన మా అనుభవమును మీతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మావారు గుంటూరునకు సమీపమున ఒక పాఠశాలలో ఉపాధ్యాయులు. గడచిన మాఘమాసమున, ఊరిచుట్టును కల్లములలో మిరపకాయలు ఎండుచున్న దినములలో, ఆ పాఠశాల వార్షికోత్సవము జరిగినది. బాలికలు శకుంతల కథను ముందుగా వీడియో తీసి, రాత్రి ఆరుబయట పెద్ద తెరపై దానిని చూపుచు, తెరయెదుట నృత్యము చేయునట్లు ఏర్పాటు. బొమ్మ కంప్యూటరునుండి తీగ మార్గమున తెరకు పోవును. ధ్వని తీగలేకుండ బ్లూటూత్ మార్గమున వేదికయొద్ది స్పీకర్లకు పోవును.

మేము డెబ్బదియేండ్లు దాటిన మా అత్తగారితో చివరి వరుసలో కూర్చుంటిమి. దుష్యంతుని సభలో శకుంతల మాటలాడు ఘట్టము వచ్చినది. అత్తగారు మా చేయి పట్టుకొని, "అమ్మాయీ, ఆ పిల్ల నోరు మూసిన తరువాత మాట వస్తున్నదేమే?" అనిరి. మేము నలుగురిలో, "తప్పు తెరది కాదత్తయ్యా, మీ చెవులది" అంటిమి. ప్రక్కవారు నవ్విరి. అత్తగారు మఱి మాటాడలేదు. మఱునాటినుండి ఇంటిలో టీవీయెదుట కూర్చుండుటయు మానివేసిరి. ఒకనాడు తులసికోటయొద్ద "నాకు మతి తప్పుచున్నది కాబోలు" అని తమలోతామనుకొనుట మా చెవిని బడినది. ఆ మాట మాకు ముల్లువలె నాటినది.

ఉగాదికి ఆ ప్రదర్శనమునే మరల వేయవలసివచ్చినది. మేము జరిగినది మావారితో చెప్పగా, వారు నవ్వక, పరీక్షింతమనిరి. ఒక బాలిక చప్పట్లు చఱచుటను వీడియో తీసి, ఆ యంత్రములతోనే తెరపై వేసిరి. మేము అత్తగారు కూర్చున్న చోటనే నిలిచి చూచితిమి. చేతులు కలిసినవి, రెప్పపాటు గడచినది, అప్పుడు చప్పుడు వినబడినది. అత్తగారి మాట అక్షరాల నిజము!

కారణములు రెండు. బ్లూటూత్‌లో ధ్వనిని చిన్న చిన్న తునకలుగా కుదించి పంపి, ఆవల మరల విప్పవలెను. ఇందుకు సెకనులో పదియవవంతో, ఐదవవంతో పట్టవచ్చును. రెండవది దూరము. కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. ధ్వని సుమారు 340 మీటర్లు మాత్రమే. 34 మీటర్ల దూరమున కూర్చున్నవారికి మాట సెకనులో పదియవవంతు ఆలస్యముగా చేరును. చెరువు ఆవలిగట్టున బట్టలుదుకునప్పుడు దెబ్బ ముందు కనబడి చప్పుడు పిదప వినబడుట మనమెఱుగనిదా? అందుచేతనే మన మనస్సు వెనుకబడిన ధ్వనిని కొంత సహించును గాని, ముందువచ్చిన ధ్వనిని త్వరగా పట్టుకొనును. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘమువారి లెక్కలో, ధ్వని బొమ్మకంటె 45 మిల్లీసెకనులు ముందైనను, 125 మిల్లీసెకనులు వెనుకైనను చూపరులకు తెలియును. మిల్లీసెకననగా సెకనులో వేయవవంతు.

మఱి ప్రక్కనేయున్న మాకేల తెలియలేదు? మేము చెవితో కథ వినుచు, కంటితో నృత్యము చూచుచుంటిమి. అత్తగారో, వినికిడి తగ్గినది మొదలు, పెదవుల కదలికను చూచి మాటలను గ్రహించుచున్నారు. పండ్రెండేండ్లు ఒకే వంటయింట మసలియు మేమీ సంగతి ఎఱుగమైతిమి.

బొమ్మను, మాటను జతపఱచుట నేటి చిక్కు కాదు. తోలుబొమ్మలాటలో ఈ బాధ లేదు. బొమ్మను ఆడించువాడే పద్యము పాడును, బల్లపై కాలితో తాళము వేయును. యంత్రము వచ్చినతోడనే ఎడబాటు వచ్చినది. 1910లో మన మచిలీపట్టణమువారైన రఘుపతి వెంకయ్యగారు క్రోనో మెగాఫోన్ అను యంత్రమును తెప్పించి ఊరూర ప్రదర్శించిరి. అందు బొమ్మ ఫిల్ముపైన, పాట గ్రామఫోను పలకపైన ఉండెడివి. ఇట్టి పద్ధతిలో ఫిల్ము తెగి నాలుగు బొమ్మలు పోయినచో, పాట అంతమేర వెనుకబడును. తరువాతి టాకీలలో ధ్వనిని ఫిల్ము అంచుననే ముద్రించిరి. హెచ్. ఎం. రెడ్డిగారి 'భక్త ప్రహ్లాద' 1932లో ప్రదర్శితమై తెలుగువారికి తొలి టాకీ అయినది. ఆ ఫిల్ములలోనొక చమత్కారమున్నది. యంత్రమున బొమ్మను చూపు చోటు వేఱు, ధ్వనిని చదువు చోటు వేఱు. కావున ధ్వనిని దాని బొమ్మకు సుమారు ఇరువది బొమ్మల ముందుగా ముద్రింతురు. చూపరులయొద్దకు రెండును కలిసియే వచ్చును.

మావారు బ్లూటూత్ మాన్పించి, తీగతో ధ్వనిని పంపిరి. మిగిలిన స్వల్పభేదమును కంప్యూటరులో ధ్వనిని ముందువెనుకలకు జరుపు అమరికతో, చప్పట్ల వీడియో సాయమున సరిచేసిరి. ఉగాదినాడు అత్తగారిని నడిమి వరుసలో కూర్చుండబెట్టితిమి. సభాఘట్టము రాగానే వారి ముఖమువైపే చూచుచుంటిమి. వారు తెరనుండి చూపు మరల్చక, "ఇప్పుడు మాట పెదవిమీదనే ఉన్నదే" అనిరి. "ఆనాడును తప్పు తెరదే అత్తయ్యా, మాట తూలినది మేము" అని నలుగురు వినునట్లే చెప్పితిమి. వారు మా చేయి నొక్కి ఊరకుండిరి.

కాళిదాసు రఘువంశారంభమున పార్వతీపరమేశ్వరుల కూడికను వాగర్థముల కూడికతో పోల్చెను. ఆ శ్లోకమును మేము బాల్యముననే చదివితిమి. అయినను, ఇంటిలో ఒకరికి మాట తునిగి చేరుచున్నప్పుడు గుర్తింపలేకపోయితిమి. సోదరీమణులారా, మీ యింటి పెద్దలు "మాట వెనుక వస్తున్నది" అన్నచో, ముందు చప్పట్లు చఱచి యంత్రమును పరీక్షింపుడు. మీరు వారితో మాటలాడునప్పుడు దీపమునకు ఎదురుగా నిలిచి, మీ పెదవులు వారికి కనబడనిండు.