రాయదుర్గమున దీక్షితుల దినము

పండుగనాడు ఇల్లు విడిచి ప్రయాణమేమని మీరడుగవచ్చును. ముత్తుస్వామి దీక్షితులవారు 1835వ సంవత్సరమున దీపావళినాడే పరమపదించిరి. ఆ దినమున వారి స్మరణార్థము చిన్న కచేరి జరుపుచున్నామని రాయదుర్గమునుండి మా యజమానుల పూర్వశిష్యులు పిలిచిరి. కచేరి చేయువారు గాయకులు గారు, పెండ్లిండ్లకు వచ్చు బ్యాండుమేళమువారట! వింతగా తోచి బయలుదేఱితిమి.

బళ్లారిలో రైలెక్కితిమి. దారిపొడుగున గుండ్రాళ్ల గుట్టలు, కాయపట్టక వాడిన వేరుసెనగ చేలు. ఊరిపైకి ఒరిగినట్లున్న కొండమీద కోటగోడలు కనబడెను. 1953 వఱకు ఇది బళ్లారి జిల్లాలోని ఊరే; నేటికిని బజారున తెలుగును కన్నడమును కలసి వినబడును. వీధివీధిని కుట్టుమిషన్ల చప్పుడు. జీన్సు లాగులు కుట్టుట యిచ్చట పెక్కుమందికి జీవనము. వానను నమ్మరాని సీమలో సూదియే నాగలి!

సాయంకాలము ఒక యింటి ముంగిట జంపకానములు పఱచిరి. దీక్షితులవారు మద్రాసు చేరువనున్న మణలిలో నివసించునాడు, కోటలోని దొరల బ్యాండు విని, ఆ వరుసలకు సంస్కృత సాహిత్యము కూర్చిరి. వానిని నొట్టుస్వరములందురు. అన్నియు శంకరాభరణ స్వరములలో నడచును. ‘సంతతం పాహి మాం’ అనునది బ్రిటిషు రాజగీతపు వరుసయే. మేళమువారు దానినే తొలుత నెత్తుకొనిరి.

అందఱికిని వెనుక ఒక వృద్ధుడు పెద్ద ఇత్తడి బూరను ఒడిలో నిలుపుకొని కూర్చుండెను. దీనిని ట్యూబా యందురు. ఇది బెర్లినులో పేటెంటు పొందినది 1835లోనే. కావున దీక్షితులవారు మణలిలో విన్న మేళములలో నిది యుండదు. దీనికి మెలికలు లేవు, మెఱుపులు లేవు. అడుగు స్వరము నొక్కొక్కటిగా మోయుటయే దీని పని. నడుమ నొకమాఱు ఆ వృద్ధుడు ఊపిరికై ఆగెను. పాట యంతయు నేల విడిచినట్లయ్యెను. అంతవఱకు ఆ ధ్వనిని మేము విననే లేదని అప్పుడు తెలిసినది!

కచేరి ముగిసిన పిదప ఆయనకు కాఫీ అందించి, ఎన్నియేండ్లుగా వాయించుచున్నారని అడిగితిమి.

“నలభై ఏండ్లుగా వాయిస్తాండానమ్మా. పదిమందిలో కూర్చోని వాయించింది ఈ పొద్దే” అనెను.

మాకు సిగ్గు కలిగెను. మా మఱది పెండ్లిలో మేళమువారిని పందిటి వెలుపల నిలిపి, అందఱి భోజనములైన పిదపగదా విస్తళ్లు వేసితిమి!

రానున్న మాఘమున మా ఆడబిడ్డ వివాహము. ఈసారి మేళమువారికి తొలిపంక్తిలోనే వడ్డింపవలెనని తిరుగు రైలులోనే యజమానులతో చెప్పితిమి. వారు సరేయనిరి. ఇక అత్తగారిని ఒప్పింపవలసియున్నది.