వెనక ఉన్న ఊరు

కెమెరా పిచ్చి ఉన్నవాళ్ళ జబ్బుకి ఒక పేరుంది: గ్యాస్. గేర్ అక్విజిషన్ సిండ్రోమ్ అన్నదానికి పొట్టి రూపం. మొదట గిటార్ల మీద గిటార్లు కొనేవాళ్ళు తమని తాము వెక్కిరించుకోడానికి పెట్టుకున్న పేరు, తర్వాత మా జాతికి అంటుకుంది. తెలుగులో ఇంకా బాగా అతుకుతుంది. లక్షణాలు అవే కదా. రాత్రిపూట ఎక్కువవుతుంది, మనిషిని కుదురుగా కూర్చోనివ్వదు, లోపలున్నది బయటికి పోతే తప్ప ఉపశమనం ఉండదు. ఇక్కడ బయటికి పోయేది డబ్బు, అంతే తేడా.

మా బ్యాచ్‌లో ఏడుగురం. అందరివీ పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలే, ఉద్యోగాలు హైదరాబాద్‌లో. సెలవు దొరికితే ఎల్‌ఎండీ కట్ట మీద సూర్యాస్తమయం, ఎలగందుల కోట, వానాకాలంలో కుంటాల జలపాతం, పుష్య అమావాస్యకి కేస్లాపూర్ నాగోబా జాతర. ఇవి మేం ఫోటోలు తీసే చోట్లు అని చెప్పుకుంటాం. నిజానికి కొత్త సామాను పరీక్షించే చోట్లు. ఎవరైనా కలవగానే మొదటి ప్రశ్న "ఏం తీసినవ్ రా?" కాదు, "ఏం కొన్నవ్ రా?".

కొనడంలో ఒక వరస ఉంటుంది. దాదాపు అందరిదీ అదే వరస. కెమెరాతోపాటు వచ్చే 18-55 కిట్ లెన్సుతో మొదలు. ఆర్నెల్లకి 50 ఎంఎం ఎఫ్/1.8. తక్కువ ధర, కెనాన్‌ది అయితే 160 గ్రాముల బరువు, పెట్టిన డబ్బుకి ఇంత ఆనందం ఇచ్చే వస్తువు ఇంకోటి లేదు. ఆ తర్వాత 85 ఎఫ్/1.4, తర్వాత 70-200, ఆ తర్వాత అడవిలో పులి కనిపిస్తుందన్న ఆశతో రెండు కిలోల బరువుండే 150-600. మధ్యమధ్యలో కుంటాల నీళ్ళు పట్టుపంచెలా కనిపించాలంటే లెన్సు ముందు తగిలించే నల్లద్దం, దానికో ట్రైపాడ్, వీటన్నిటికీ ఒక బ్యాగు, ఆ బ్యాగు చాలక ఇంకో బ్యాగు. మాలో ఒకడు ఇంట్లో ధర చెప్పేటప్పుడు చివరి సున్నా మింగేస్తాడు. వాళ్ళావిడ కూడా సాఫ్ట్‌వేరే. ఆమెకి తెలుసు, వీడికి తెలియదు ఆమెకి తెలుసని.

దీని మీద జోకులు చాలా ఉన్నాయి, నీతిబోధలు అంతకన్నా ఎక్కువ ఉన్నాయి. కెమెరా కాదు ముఖ్యం, కన్ను ముఖ్యం అనే మాట వినీ వినీ విసుగొచ్చింది. కన్ను ముఖ్యమే, కానీ లెన్సు కూడా ఒక నిర్ణయం చేస్తుంది. మనం ఎంత దూరంలో నిలబడాలో అదే చెబుతుంది. ఇది కవిత్వం కాదు, లెక్క. ఫుల్ ఫ్రేమ్ కెమెరాని నిలువుగా పట్టుకుని, ఎదుటి మనిషి తల నుంచి పాదాల దాకా ఫ్రేము నిండా రావాలంటే, 50 ఎంఎం లెన్సుతో సుమారు ఎనిమిది అడుగుల దూరంలో ఉండాలి. 200 ఎంఎం అయితే ముప్పైమూడు అడుగులు. 600 అయితే దగ్గరదగ్గర వంద అడుగులు. ఎనిమిది అడుగుల్లో పలకరించకుండా ఫోటో తీయడం కష్టం. ముప్పైమూడు అడుగుల్లో పలకరించాల్సిన అవసరం లేదు. వంద అడుగుల్లో పలకరించినా వినపడదు. మా ఏడుగురి జీతాలు పెరిగినకొద్దీ మేం మనుషుల నుంచి ఎన్నెన్ని అడుగులు వెనక్కి జరిగామో బిల్లులు చూసి చెప్పేయొచ్చు.

దూరం ఎప్పుడూ చెడ్డది అనడం లేదు. కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లా పెంచికల్‌పేట అడవుల్లో పాలరాపుగుట్ట అని ఉంది. పెద్దవాగు ఒడ్డున నిలువెత్తు రాతిగోడ. 2013లో అక్కడ పొడుగుముక్కు రాబందుల గూళ్ళు బయటపడ్డాయి. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు, ఆ కళేబరాలు తిన్న రాబందుల కిడ్నీలని పాడుచేసి, దేశమంతా వాటిని తుడిచిపెట్టేసింది. 2006లో పశువైద్యంలో ఆ మందుని నిషేధించేనాటికే చాలా నష్టం జరిగిపోయింది. అలాంటి పక్షి గుడ్డు పెట్టుకుని కూర్చున్నచోట, ఎంత పెద్ద లెన్సుంటే అంత మర్యాద. అక్కడ దూరమే గౌరవం. కవ్వాల్ అడవిలోనూ అంతే. 150-600 కొన్న మావాడిని నేనేమీ అనను.

కానీ మనుషులు రాబందులు కారు కదా.

దీపావళి ముందు రోజుల్లో గోండు, కొలాం గూడేల్లో దండారి జరుగుతుంది. ఒంటికి బూడిద, తల మీద నెమలీకల కిరీటం, చేతిలో కర్ర. గుస్సాడీలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఆడుతూ పోతారు. ఇది ఒంటరి మనిషి ఆట కాదు, ఊరికీ ఊరికీ మధ్య నడిచే చుట్టరికం. అతిథి ఊరు వస్తుంది, ఇక్కడి ఊరు అన్నం పెడుతుంది. ఇప్పుడు మనం మామూలుగా చూసే గుస్సాడీ ఫోటో గుర్తుచేసుకోండి. కిరీటం, రెండు కళ్ళు, చుట్టూ పచ్చగా కరిగిపోయిన రంగు. ఊరు లేదు. వచ్చిన అతిథులు లేరు, వండుతున్నవాళ్ళు లేరు, డోలు కొట్టేవాడు కూడా లేడు. మార్లవాయికి చెందిన కనకరాజుకి 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు, 2024లో ఆయన చనిపోయినప్పుడు కూడా నా ఫోన్‌లోకి వచ్చినవి ఎక్కువగా ఇలాంటి బొమ్మలే. మనిషి ఉన్నాడు, మార్లవాయి లేదు.

ఇది లెన్సులో ఉన్న గుణం. 85 ఎంఎం లెన్సుని ఎఫ్/1.4 దగ్గర పెట్టి రెండున్నర మీటర్ల దూరంలో ఉన్న మనిషి మీద ఫోకస్ చేస్తే, స్పష్టంగా కనిపించే లోతు సుమారు ఏడు సెంటీమీటర్లు. ముక్కు కొస నుంచి కణత దాకా అనుకోండి. చెవి దాటితే ప్రపంచం కరిగిపోతుంది. ఎఫ్/1.8కీ ఎఫ్/1.4కీ మధ్య వెలుతురులో తేడా ఒక్క స్టాపు కూడా ఉండదు, ధరలో తేడా మాత్రం చాలా కంపెనీల్లో మూడు నాలుగు రెట్లు. ఆ ఎక్కువ డబ్బు దేనికి ఇస్తున్నాం? లెన్సు గట్టిదనానికి కొంత, అంచుల్లో స్పష్టతకి కొంత. మిగతాదంతా వెనకున్నదాన్ని ఇంకాస్త బాగా చెరిపేయడానికి.

అదే మార్లవాయిలో 1940ల్లో ఇంకో కెమెరా ఉండేది. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల చేతిలో చనిపోయాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ని ఆ పని మీద పెట్టింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో కాపురం పెట్టారు. ఆయన తీసిన వేల ఫోటోలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్‌లో ఉన్నాయి. 1987లో హైదరాబాద్‌లో చనిపోయిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. ఆయన సర్కారు పంపిన మనిషి, ఆ చూపుకి ఉండే అధికారం దానికి ఉంది, కాదనను. కానీ ఆ నలుపు తెలుపు ఫోటోల్లో మనిషితోపాటు మనిషి చుట్టూ ఉన్నవి కూడా కనిపిస్తాయి. ఇంటి కప్పు, పశువులు, పక్కన నిలబడి కెమెరా వైపు చూస్తున్న పిల్లలు. చదువుకోడానికి పనికొచ్చే ఫోటోలు అవి. మేం తీసినవి గోడకి తగిలించుకోడానికి పనికొస్తాయి.

ఈ మాట మావాళ్ళతో అంటే, "మనమేమన్నా రీసెర్చి చేస్తున్నమా?" అన్నారు. నిజమే. అందుకని పొట్టకూటికి ఫోటోలు తీసేవాళ్ళ సంగతి చూద్దాం.

మేం అమ్మేసిన కెమెరాలు ఎక్కడికి పోతాయో మీకు తెలుసా? కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల స్టూడియోలకి. మేం బోనస్‌తో కొంటాం, రెండేళ్ళకి విసుగుపుట్టి అమ్ముతాం. పెళ్ళి ఫోటోలు తీసే అన్నలు అదే సామానుని అప్పు చేసి కొని పదేళ్ళు వాడతారు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం వాళ్ళకి పంట. మూఢం వచ్చిందంటే ముహూర్తాలు ఉండవు, ఈఎంఐ మాత్రం ఆగదు. మాకు సరదా అయింది వాళ్ళకి పెట్టుబడి. కరీంనగర్‌లో నాకు తెలిసిన ఒక స్టూడియో అన్న నా 85 మీద ఎప్పటినుంచో కన్నేశాడు.

"అమ్మేదుంటె ముందుగాల నాకే చెప్పాలె తమ్మీ."

"నీ దగ్గర ఇన్ని లెన్సులున్నయ్ కదా అన్నా, ఇదెందుకు?"

"పిల్లగాండ్లే అడుగుతున్నరు, వెనక మొత్తం బ్లర్ కావాలె అని. ఫంక్షన్ హాల్ ఎట్లున్నా ఫరకు పడది."

"మరి చుట్టాలు?"

"చుట్టాలకు వేరే కెమెరా ఉంటది. గా ఫోటోలు ఆల్బమ్ల ఎక్కువ ఎక్కయ్."

ఇక ఫోన్ల సంగతి. ఫోన్ కెమెరాలో సెన్సర్ చిన్నది కాబట్టి ముందున్నదీ వెనకున్నదీ సహజంగానే చాలావరకు స్పష్టంగా వస్తుంది. అలా ఊరికే దొరికినదాన్ని పాడుచేయడానికి మా వృత్తివాళ్ళు కూర్చుని, మనిషి అంచులు ఎక్కడ ముగిశాయో లెక్కగట్టి, మిగతాదాన్ని చెరిపేసే ప్రోగ్రాం రాశారు. దానికి పోర్ట్రెయిట్ మోడ్ అని పేరు పెట్టారు. చాలా మంచి ఇంజనీరింగ్. ఇందులో వెటకారం లేదు.

మా అమ్మ పెళ్ళి 1986లో జరిగింది. అమ్మమ్మవాళ్ళ ఊళ్ళో, పగటి ముహూర్తం, ఇంటి ముందు పందిరి. ఫోటోలు తీయడానికి సిరిసిల్ల నుంచి ఒకాయన బస్సులో వచ్చాడట. ఒక కెమెరా, ఒక ఫ్లాష్. అప్పటి పద్ధతి ఒకటే. పది అడుగుల దూరంలో నిలబడు, ఎఫ్/8 పెట్టు, ఫ్లాష్ కొట్టు. అందంగా ఉన్నాయని చెప్పలేను. అమ్మ ముఖం తెల్లగా కొట్టేసి ఉంది, నాన్న కళ్ళు మూసుకున్నాడు, రంగులు ఎర్రబడిపోయాయి. కానీ వెనక అంతా ఉంది. పందిరి గుంజలు, వాకిట్లో గోలెం, అరుగు మీద కాళ్ళు వేలాడేసుకున్న ముసలాయన, వేపచెట్టు, పక్కింటి గోడ, ఆ గోడెక్కి చూస్తున్న చెడ్డీ పిల్లాడు.

ఆ ఊరు ఇప్పుడు లేదు. మధ్యమానేరు జలాశయంలో మునిగిన ఊళ్ళలో అదొకటి. కొదురుపాక, వరదవెల్లి, చింతల్‌ఠాణా, చీర్లవంచ, ఇంకా కొన్ని. జలాశయం సామర్థ్యం 25 టీఎంసీల పైనే, 2019 వానాకాలంలో నిండింది. జనం ఆర్ అండ్ ఆర్ కాలనీలకి వెళ్ళిపోయారు. అక్కడ వీధులు తిన్నగా ఉంటాయి, ఇళ్ళకి నంబర్లుంటాయి. ఊరు మునుగుతుందని తెలిసినప్పుడు కూడా ఊరిని ఊరుగా ఫోటో తీసి పెట్టుకోవాలని ఎక్కువమందికి తోచలేదు. పరిహారం కోసం తిరిగే కాలం అది, కెమెరా ఎవరికి గుర్తొస్తుంది? అయినా ఆ ఊరికి ఫోటోలున్నాయి. పెళ్ళిళ్ళ ఆల్బమ్‌లలో, పెళ్ళికొడుకు భుజం పక్కన, పెళ్ళికూతురు తల వెనక.

మా ఇంట్లో ఆ ఆల్బమ్ తెరిచినప్పుడు అమ్మ తనని తాను చూసుకోదు. వేలు ఎప్పుడూ వెనక్కే పోతుంది. "ఇగో గిది మా బాయి కాడికి పోయే తొవ్వ. గీ గోడ సాలోల్లది." మా చిన్నమామ అయితే గోడెక్కిన పిల్లాడు తనే అంటాడు. కాదని అమ్మ అంటుంది. ఆ వాదన ముప్పైఏళ్ళుగా తెగలేదు, ఫోటోలో పిల్లాడి ముఖం గోరంత ఉంటుంది కాబట్టి తెగదు కూడా. ఆ సిరిసిల్ల ఫోటోగ్రాఫర్ దగ్గర ఎఫ్/1.4 లెన్సు ఉండి ఉంటే ఆ పిల్లాడూ లేడు, వాదనా లేదు.

మా ప్రాంతం నీళ్ళ కింద, ఓపెన్‌కాస్ట్ గనుల కింద, రోడ్ల విస్తరణ కింద ఎప్పుడు ఏది పోతుందో చెప్పలేని ప్రాంతం. ఇలాంటిచోట వెనకున్నది చెరిపేసే వస్తువుకి లక్షలు పెట్టడం కాస్త ఆలోచించాల్సిన విషయం. కొనొద్దని చెప్పేంత వాణ్ణి కాదు, నా బీరువా తెరిస్తే నోరు మూసుకోవాల్సొస్తుంది. ఒక్క కొలత మాత్రం చెబుతాను, కావాలంటే వాడుకోండి. 35 ఎంఎం లెన్సు, ఎఫ్/8, ఐదు మీటర్ల దగ్గర ఫోకస్. ఫుల్ ఫ్రేమ్‌లో రెండున్నర మీటర్ల నుంచి చూపు ఆనినంత దూరం దాకా అంతా వస్తుంది. దీనికి ఖరీదైన లెన్సు అక్కర్లేదు, కిట్ లెన్సు చాలు. నాగోబా జాతరకెళ్ళినా, మేనకోడలి పెళ్ళికెళ్ళినా, నాలుగైదు ఫోటోలు ఇలా తీయండి. మిగతావి మీ ఇష్టం, ఏడు సెంటీమీటర్లలో తీసుకోండి.

నేను మొన్న కొన్నది ఒక పాత 60 ఎంఎం మాక్రో. మాలో ఒకడు పూలకీ పురుగులకీ కొని విసిగిపోయి అమ్ముతుంటే తీసుకున్నాను. ఆల్బమ్‌ని బల్ల మీద పరిచి, కెమెరాని ట్రైపాడ్ కడ్డీకి తలకిందులుగా బిగించి, రెండు వైపుల నుంచి నలభై అయిదు డిగ్రీల్లో రెండు లైట్లు పెడితే, ప్రింటు మీద మెరుపు రాకుండా కాపీ వస్తుంది. పేజీలకి అతుక్కుపోయిన ఫోటోలని పీకకూడదు, అలాగే తీయాలి. అమ్మ ఆల్బమ్ అయిపోయాక కాలనీలో ఇంకో ఇద్దరు తమవి పట్టుకొచ్చారు. ఒకటి 1979ది, చెదలు తినగా మిగిలింది పదకొండు ఫోటోలు. నాలుగో ఫోటోలో, పెళ్ళికొడుకు వెనక, మా అమ్మమ్మ ఇంటి గోడ ఉంది. అటువైపు నుంచి ఆ గోడని నేనెప్పుడూ చూడలేదు.