పంచాంగంలో లేని పండగలు

ప్రతి ఇంట్లోనూ ఒక మావయ్యో బాబాయో ఉంటాడు కదండీ, వీధి గుమ్మంలో కనిపిస్తేనే పిల్లలకి నవ్వొచ్చేసే మనిషి. మాకు మా పెద్ద మావయ్య. మిలటరీ మావయ్య అనేవాళ్ళం. కిందటేడు కార్తీకంలో పోయాడు. అప్పటినుంచీ రాద్దామని కూర్చుంటే ముందు నవ్వొస్తోంది, కాసేపటికి అక్షరాలు మసకబారుతున్నాయి. ఇవాళ ఎలాగోలా రాసేస్తున్నాను.

అమ్మమ్మగారి ఊరు తాడేపల్లిగూడెం దగ్గర. మాధవరం అక్కడికి దగ్గరే. రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరది, మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. ఆ ఊరివాళ్ళు సెలవుకొచ్చి ఇస్త్రీ బట్టల్లో సైకిళ్ళ మీద తిరుగుతుంటే చూసి మా మావయ్యకీ మోజు పుట్టింది. 1967లో, పంతొమ్మిదేళ్ళకే చేరిపోయాడు. జబల్‌పూర్‌లో ట్రైనింగు, సిగ్నల్స్‌లో లైన్‌మన్ పని. అంటే పటాలం ఎక్కడుంటే అక్కడికి టెలిఫోను తీగ లాగడం, తెగితే వెళ్ళి అతకడం. అందరికీ ఫోన్లు కలిపే మనిషి, సొంతింటికి కబురు చెప్పాలంటే మాత్రం ఇన్‌లాండ్ లెటరే గతి. ఉత్తరం మీద ఊరి పేరుండదు, కేరాఫ్ 99 ఏపీఓ అని ఉంటుంది. ఈ తొంభైతొమ్మిది ఏ జిల్లాలో ఉంది నాయనా అని అమ్మమ్మ పోస్టుమాన్‌ని అడిగేదట.

ఏడాదికి రెండు నెలలు సెలవు. అది పండగలు చూసుకుని రాదు కదా! అందుకని ఎప్పుడొస్తే అప్పుడే పండగ చేసేవాడు. ఒకసారి ఆషాఢంలో దిగాడు. దిగిన మర్నాడు తెల్లవారుజామున వాకిట్లో భోగిమంట! వానకి తడిసిన కట్టెలు, మంట కన్నా పొగే ఎక్కువ. రేగిపళ్ళ కాలం కాదని దోసెడు నేరేడుపళ్ళు తెచ్చి మా నెత్తిన పోశాడు. నా తెల్లగౌను మీద ఆ మరకలు చిరిగేదాకా పోలేదు. "ఆషాఢంలో భోగేమిట్రా, అప్రాచ్యపు పని" అని అమ్మమ్మ అరిస్తే, "ఢిల్లీ వాళ్ళు నాకు సంక్రాంతి ఇప్పుడే శాంక్షన్ చేశారమ్మా" అన్నాడు.

అగ్గిపెట్టెలకి దారం కట్టి అరుగు నుంచి పశువులపాక దాకా టెలిఫోను లాగేవాడు. అందరికీ రహస్యపు పేర్లు. అమ్మమ్మ టైగర్, తాతయ్య పిల్లి, అత్తయ్య హెడ్‌క్వార్టర్స్. "హెడ్‌క్వార్టర్స్ నుంచి ఆర్డరొచ్చింది, టైగర్ నిద్రపోతోంది, జంతికల డబ్బా మీద దాడి చెయ్యొచ్చు" అని ఆ దారంలో గుసగుసగా చెప్పేవాడు. ఇక క్యాంటీన్ రమ్ము సంగతి చెప్పక్కర్లేదు. ఆయన పెట్టె తెరిచాడంటే ఊళ్ళో మగాళ్ళందరికీ మరిచిపోయిన చుట్టరికాలు గుర్తొచ్చేవి.

మా చుట్టాల్లో ఒక మాట ఉండేది. "ఆయన ఎంత సరదా మనిషో, ఆవిడ అంత ముభావం" అని. నాకా మాట వింటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పది నెలలు అత్తామామల్నీ పాడినీ పిల్లల ఫీజుల్నీ ఒక్కతే చూసుకుని, ఆయనొచ్చిన రెండు నెలలూ నవ్వుకోడానికొచ్చిన జనానికల్లా వండి వార్చిన మనిషి ఇంకెప్పుడు నవ్వాలి? పిండివంటల దగ్గర కూర్చుని లెక్క చెప్పిందొకసారి. పెళ్ళయి ఇరవయ్యేళ్ళు. జబల్‌పూర్‌లో క్వార్టర్సిచ్చిన రెండేళ్ళూ కాక, మిగతా సెలవులన్నీ కలిపితే మూడేళ్ళు. "అయిదేళ్ళ కాపురమే అమ్మాయ్, కాకపోతే వాయిదాల్లో ఇచ్చారు."

వాళ్ళ పెళ్ళి 1971 వేసవిలో. ఆ డిసెంబరులోనే బంగ్లాదేశ్ యుద్ధం. మూడో తారీఖున మొదలై పదహారున ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయేదాకా పదమూడు రోజులు. ఇంట్లో అందరూ రేడియో చుట్టూ కూర్చుంటే, కొత్తకోడలు కాబట్టి అత్తయ్య తలుపు వెనకాల నిలబడి వినేదట. యుద్ధం ఆగినా ఉత్తరం మాత్రం సంక్రాంతి వెళ్ళాకగానీ రాలేదు. అందులో యుద్ధం గురించి ఒక్క ముక్క లేదు. ఇక్కడివాళ్ళు మన పులసని ఇలిష్ అంటున్నారు, ఆవపిండి వేసి వండుతున్నారు, మన పులుసు ముందు దిగదుడుపే అని పేజీ నిండా చేప గురించే. మడతల దగ్గర చిరిగిపోయిన ఆ కాగితం అత్తయ్య బీరువాలో ఇప్పటికీ ఉంది.

1991లో హవల్దారుగా రిటైరయి వచ్చాక మావయ్య చేసిన మొదటి పని, రాత్రి వంట తనే తీసుకోవడం. "లంగర్ డ్యూటీ నాది, హెడ్‌క్వార్టర్స్‌కి రెస్ట్" అని ప్రకటించాడు. ఆయన చపాతీలు ఏ దేశపటానికీ సరిపోవు. ఏలకులకి బదులు మిరియాలు దంచి వేసిన టీ ఇస్తే గుక్క తిప్పుకోలేక దగ్గేవాళ్ళం. అత్తయ్య ఆ టీనే రెండో గ్లాసు అడిగి తాగేది. ఆవిడ చీర మార్చుకుని అరుగు మీద కూర్చుని వారపత్రిక చదవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

పెన్షనుకి లైఫ్ సర్టిఫికెట్ నవంబరులో ఇవ్వాలి కదా. కిందటేడు కొడుకుని తీసుకుని బ్యాంకుకెళ్ళి ఇచ్చొచ్చి, "ఇంకో ఏడాది బతికున్నట్టు గవర్నమెంటు ఒప్పేసుకుంది" అన్నాడట. వారం తిరక్కుండానే నిద్రలో పోయాడు.

పదకొండో రోజు భోజనాలయ్యాక అందరం హాల్లో చేరాం. నేరేడుపళ్ళ భోగి, టైగర్, పిల్లి, ఒకరి తర్వాత ఒకరు చెబుతుంటే ఏడుపింట్లో నవ్వులు. అత్తయ్య కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంతలో మా తమ్ముడు, "అన్నీ చెప్పేవాడుగానీ, ఆ పదమూడు రోజుల్లో ఏం చూశాడో మాత్రం ఎవరికీ చెప్పలేదే" అన్నాడు.

"నాకు చెప్పారు" అంది అత్తయ్య.

గది నిశ్శబ్దమైపోయింది. చెప్తుందేమోనని అందరం ఆవిడ వంకే చూశాం.

"నవ్వులన్నీ మీకు పంచిపెట్టేశారుగా. అదొక్కటీ నాకిచ్చారు. నా దగ్గరే ఉండనీండిరా" అని, టీలోకి మిరియాలు దంచమని కోడలికి చెప్పింది.