వేణ్ణీళ్ళ పేచీ

చలిదేశాల్లో ఇల్లంతా వెచ్చబెట్టుకుంటారుట. మా పెనుగొండలో ఆ అవసరం లేదు గానీ, ధనుర్మాసం వచ్చిందంటే స్నానానికి వేణ్ణీళ్ళ దగ్గరే పేచీ.

మా పెరట్లో రాగి బాయిలరుంది. గోదావరి జిల్లాలో కొబ్బరి డొక్కలకీ మట్టలకీ కొదవేముంది! నాలుగు డొక్కలేస్తే ఇంటిల్లిపాదికీ నీళ్ళు. కానీ పొగంతా మా అత్తగారి గదిలోకే. ఆవిడకి అసలే ఆయాసం. చీకటితో లేచి ఊదేది నేనే కనుక నాకూ కళ్ళమంట.

మావారు గ్యాసు గీజరు కొందామన్నారు, కరెంటు పోయినా పనిచేస్తుందని. నిజమే. కానీ మా బాత్రూము కిటికీ అరచెయ్యంత. తలుపేసుకుంటే గాలి చాలక గ్యాసు సరిగ్గా మండదు, కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. మనిషి స్పృహ తప్పేదాకా తెలీదు. గడియ పెట్టుకుని నిదానంగా స్నానం చేసే అత్తగారికి ఇదా? ససేమిరా వద్దన్నాను.

రాడ్డు చవకే. 1500 వాట్లదైతే పావుగంటలో బకెట్టు నీళ్ళు కాగుతాయి. ఓరోజు స్విచ్చి తీయకుండానే, కాగాయో లేదోనని ఆవిడ బకెట్లో చెయ్యి పెట్టబోయారు. నేను కేకేశాను కాబట్టి సరిపోయింది. ఆ పూటే రాడ్డు అటకెక్కింది.

చివరికి 15 లీటర్ల కరెంటు గీజరు, ఎర్తు సరిచూపించి మరీ పెట్టించాం. 2000 వాట్లది అరగంట వేస్తే ఒక యూనిట్టు. ఆవిడ లేవడానికి ఇరవై నిమిషాల ముందు వేసి, లోపలికెళ్ళేముందు నేనే కట్టేస్తాను.

బాయిలరు మాత్రం తీసెయ్యలేదు. భోగినాడు తలంటుకి ఆ నీళ్ళే కావాలంటారు అత్తగారు. పోస్తాను గానీ, పొయ్యి దగ్గరికి రానివ్వను.