కొబ్బరికాయ దారి

పిల్లలూ, మీ అమ్మగారు బజారులో కొబ్బరికాయ కొనేటప్పుడు, అది ఏ వూరినుంచి, ఎందరి చేతులు మారి వచ్చిందో ఎన్నడైనా ఆలోచించారా? ఆ సంగతి చూద్దామనే, వేసవి సెలవుల్లో మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని ముమ్మిడివరం వెళ్ళాను.

ముమ్మిడివరం కోనసీమలో వున్నది. కాకినాడలో బస్సు ఎక్కి, తాళ్ళరేవు, యానాం దాటగానే గౌతమి అడ్డం వస్తుంది. యానానికీ, అవతలి ఒడ్డున వున్న ఎదుర్లంకకూ మధ్య 2002లో వంతెన ప్రారంభమయింది. అంతకుముందు మనుషులు పడవమీదా, బళ్ళు పంటుమీదా దాటవలసిందే. గోదావరి పోటుమీద వుంటే ఒడ్డున పడిగాపులే! మా బస్సు మాత్రం ఆగకుండా వంతెన దాటి, మురమళ్ళ మీదుగా ముమ్మిడివరం చేరింది.

ఊరి వెలుపల తోటల మధ్య ఒక కొబ్బరి గోదాము వున్నది. ముందు లారీ ఆగి వుంది. జట్టువాళ్ళు చేతికి రెండేసి కాయలు పట్టి, "ఒకటి, రెండు" అని లెక్క పాడుతూ ఎక్కిస్తున్నారు. నాలుగు కాయలైతే ఒక పుంజీ. పక్కనే ఒక పెద్దాయన చిట్టా పట్టుకుని నిలబడి వున్నాడు. అప్పుడప్పుడు ఒక కాయ తీసి, చెవి దగ్గర ఆడించి, నీళ్ళ చప్పుడు విని మళ్ళీ ఇచ్చేస్తున్నాడు.

"ఆయన సైన్యంలో పనిచేసి వచ్చారండి," అని జట్టులో ఒకడు చెప్పాడు.

మా వాడి కళ్ళు మెరిశాయి. "తాతగారూ, మీరు యుద్ధంలో ఎందరు శత్రువుల్ని కాల్చారు?" అని అడిగాడు.

పెద్దాయన నవ్వాడు. "నేను ఒక్క గుండూ పేల్చలేదు బాబూ. బియ్యం, కిరసనాయిలు, కంబళ్ళు, ఫిరంగి గుళ్ళు, ఇవి మోశాను. లారీ నడిపేవాణ్ణి."

మా వాడి ముఖం చిన్నబోయింది. పెద్దాయన అది గమనించి, బెంచీమీద కూర్చోబెట్టి చెప్పసాగాడు.

"1999లో కార్గిల్ యుద్ధం జరిగింది. శ్రీనగర్ నుంచి లేహ్ పోయే రోడ్డు జోజిలా కనుమ ఎక్కి, ద్రాస్, కార్గిల్ మీదుగా పోతుంది. పైన కొండలమీద శత్రువులు కూర్చుని, కింద రోడ్డుమీద గుళ్ళు కురిపించేవారు. అందుకని మేము రాత్రిపూట దీపాలు ఆర్పేసి నడిపేవాళ్ళం. ఒక పక్క కొండ, మరో పక్క లోయ. లారీలన్నీ బిడారుగా వెళ్ళాలి. దాన్నే కాన్వాయ్ అంటారు. బండికీ బండికీ మధ్య ఎడం వుంచాలి. ఎందుకో చెప్పగలవా?"

"ఒక గుండుకు రెండు బళ్ళు పోకూడదని!" అన్నాడు మా వాడు.

"భేష్! మరి బిడారు ఎంత వేగంతో పోవాలి?"

"అన్నిటికంటె జోరుగా పోయే బండితో."

"కాదు బాబూ. అన్నిటికంటె మెల్లగా పోయే బండితో! లేకపోతే అది వెనక ఒంటరిదై పోతుంది. కొండమీద వున్న జవానుకు నా పేరు తెలియదు. అతనికి రొట్టె అందితే నేను వచ్చినట్టు, అందకపోతే రానట్టు. అంతే."

తరువాత ఆయన లారీ చూపించి మరో ప్రశ్న వేశాడు. "దీంట్లో రెండు ఊళ్ళకు సరుకు వుంది. ముందు వచ్చే ఊరి సరుకు ముందు ఎక్కించాలా, వెనక ఎక్కించాలా?" మా వాడు కాస్త ఆలోచించి, "వెనక! అప్పుడే ముందుగా దిగుతుంది," అన్నాడు. కాయల్లో తడి వుంటుంది గనుక, గాలి ఆడకుండా కప్పేస్తే లోపల ఆవిరి పట్టి బూజు వస్తుందనీ, అందుకే టార్పాలిను వాన వస్తేనే పూర్తిగా బిగిస్తారనీ ఆయన చెప్పాడు.

తిరుగు దారిలో మా వాడు, "మామయ్యా, యుద్ధం ఎక్కడో కొండల్లోనే కదా జరిగేది?" అన్నాడు. అప్పుడు నేను వాడికి ఈ తీరం కథ చెప్పాను.

రెండవ ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడ రేవులమీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడలు మునిగిపోయాయి. చాలా ఓడలు కాపలా యుద్ధనౌకలు లేకుండా విడివిడిగా పోతున్నవి. బిడారుగా, కాపలాతో వెళ్ళడమెందుకో దీన్నిబట్టి తెలుస్తుంది.

అంతకంటె విచిత్రం మరొకటి వుంది. కాకినాడనుంచి గౌతమి ఒడ్డున వున్న కోటిపల్లికి 1928లో రైలుమార్గం వేశారు. అవతల కోనసీమ. 1940లో, యుద్ధ అవసరాలకని ఆ పట్టాలు పీకి తీసుకుపోయారు! యుద్ధం 1945లో ముగిసింది గాని, కోటిపల్లికి మళ్ళీ రైలు వచ్చింది 2004లో. ఎక్కడో సరుకు నడవడం కోసం, ఇక్కడి దారి అరవై నాలుగేళ్ళు ఆగిపోయింది. దారి పోవడమంటే ఏమిటో కోనసీమవాళ్ళకు బాగా తెలుసు.

ఇంతలో మా బస్సు ఎదుర్లంక వంతెన ఎక్కింది. ముందు ఒక కొబ్బరి లారీ బరువుగా, మెల్లగా పోతున్నది. "హారన్ కొట్టవయ్యా, ఇట్లాగైతే ఎప్పటికి చేరతాం?" అని వెనకనుంచి ఎవరో కేకవేశారు.

మా వాడు వెనక్కి తిరిగి, "కాసేపు ఆగండి, అది సరుకు బండి. దానికోసం అక్కడెవరో కనిపెట్టుకుని వుంటారు," అన్నాడు.