రెండు శిఖరాలు... ఒక పీఠం

షాంఘైలో షుజియాహుయి అంటే షాపింగ్‌కు పెట్టింది పేరు. మెట్రో స్టేషన్‌లోంచి పైకొచ్చి కాస్త నడిస్తే చాలు... అద్దాల మేడల మధ్య ఎర్ర ఇటుకల చర్చి, దాని జంట శిఖరాలు కనిపిస్తాయి. అదే సెయింట్ ఇగ్నేషియస్ కెథెడ్రల్. షాంఘై కేథలిక్ మేత్రాసనానికి, అంటే బిషప్ ఏలుబడిలోని చర్చిలన్నిటికీ అదే పెద్దదిక్కు.

షుజియాహుయి అంటే 'షు వారి సంగమం'. ఏటి పాయలు కలిసే ఆ చోట షు గ్వాంగ్‌చీ కుటుంబం ఉండేది. ఆయన 1603లో నాన్జింగ్‌లో జ్ఞానస్నానం పుచ్చుకుని పాల్ అయ్యాడు. తర్వాత మింగ్ చక్రవర్తి కొలువులో మంత్రి స్థాయికి ఎదిగాడు. ఇటలీ గురువు మాటియో రిచీతో కలిసి యూక్లిడ్ రేఖాగణితంలో తొలి ఆరు భాగాలను 1607లో చైనా భాషలోకి తెచ్చిందీ ఆయనే. ఆ మరుసటి ఏడు ఆయన పిలుపు మీదే జెస్యూట్ గురువు ఒకరు షాంఘైలో అడుగుపెట్టాడు.

1724లో చక్రవర్తి క్రైస్తవాన్ని నిషేధించాడు. అయినా కొన్ని కుటుంబాలు గుట్టుగా ప్రార్థనలు చేసుకుంటూనే వచ్చాయి. 1842లో తిరిగొచ్చిన జెస్యూట్‌లు షు వారి ఊళ్లోనే గ్రంథాలయం, వాతావరణ పరిశోధనశాల పెట్టారు. ఇప్పుడున్న కెథెడ్రల్ 1910లో పూర్తయింది. 1946లో షాంఘై మేత్రాసనమైంది.

అసలు కష్టం ఆ తర్వాతే. బిషప్‌ను నియమించాల్సింది రోమా? బీజింగా? పోప్ మాటే తనకు శిరోధార్యమన్నాడు షాంఘైకి తొలి చైనా బిషప్ గోంగ్ పిన్‌మెయి. 1955 సెప్టెంబరు 8 రాత్రి ఆయన్నూ ఎందరో గురువులనూ, విశ్వాసులనూ అరెస్టు చేశారు. ఆయన మూడు దశాబ్దాలు జైల్లోనే గడిపాడు. సాంస్కృతిక విప్లవం రోజుల్లో కెథెడ్రల్ శిఖరాలు కూల్చేశారు. చర్చి ధాన్యం గోదామైంది!

అప్పుడే జైలుకెళ్లిన మరో గురువు జిన్ లూషియాన్. బయటికొచ్చాక ఆయన వేరే దారి పట్టాడు. ప్రభుత్వంతో సర్దుకుని సెమినరీ నడిపాడు. 1985లో రోమ్ అనుమతి లేకుండానే బిషప్ అయ్యాడు. కొందరు ద్రోహి అన్నారు. ఆయన లేకపోతే చర్చి తలుపులు తెరుచుకునేవే కావన్నారు ఇంకొందరు. చివరికి రోమ్ కూడా ఆయన్ను గుర్తించింది. ఒకరు తలవంచలేదు, ఒకరు తలుపు తెరిచారు... మేత్రాసనం చరిత్రలో ఇద్దరికీ చోటుంది.

బిషప్‌ల నియామకంపై 2018లో వాటికన్, చైనా ఒప్పందం చేసుకున్నాయి. అయినా 2023 ఏప్రిల్‌లో చైనా తనంతట తానే షెన్ బిన్‌ను షాంఘై పీఠంపై కూర్చోబెట్టింది. పోప్ ఫ్రాన్సిస్ జులైలో ఆమోదించాడు. ముడి పూర్తిగా విడిపోలేదు.

నగరానికి నైరుతిలో షెషాన్ కొండ ఉంది. 1935లో పూర్తయిన దాని మీది బసిలికా గోపురంపై మేరీమాత బాలయేసును తలకంటే ఎత్తుగా పట్టుకుని నిలబడి ఉంటుంది. మే నెల వస్తే చేపలు పట్టుకునే కుటుంబాలు పడవల్లో వచ్చి, జపమాలలు తిప్పుకుంటూ కొండెక్కడం ఇక్కడి పాత ఆచారం. చక్రవర్తి నిషేధాన్నీ దాటుకుని ఈ విశ్వాసం నిలిచిందంటే కారణం ఇలాంటి కుటుంబాలే. కింద కెథెడ్రల్ శిఖరాలు కూడా 1980ల్లో మళ్లీ లేచాయి.