మునిగిన ఊరి మీద గాలం

‘‘డాడీ, మనం బీచ్‌కి ఎప్పుడు పోదాం?’’

మే నెల వచ్చిందంటే చాలు, మావాడు ఐదో క్లాసు పరీక్షల్లో కూడా అడగనన్ని ప్రశ్నలు అడుగుతాడు. వాడి క్లాస్‌మేట్ ఎవరో వైజాగ్ వెళ్లి రుషికొండలో కయాక్ ఎక్కాడట. ఫొటో చూపించాడట. ఇక మా ఇంట్లో సముద్రం తప్ప వేరే మాట లేదు.

మాది జగిత్యాల. ఎండాకాలంలో ఇక్కడ ఘనంగా కనిపించేది మామిడికాయే. చల్‌గల్ మార్కెట్ నుంచి లారీలకు లారీలు ఉత్తరాదికి కదులుతుంటాయి. మరి సముద్రమో... ఎటు వెళ్లినా నాలుగు వందల కిలోమీటర్లకు పైమాటే. అలాగని మావాళ్లకు సముద్రం తెలియదనుకునేరు! కోరుట్లలో ఏ వాడకట్టుకైనా వెళ్లండి, దుబాయ్‌లోనో మస్కట్‌లోనో దాన్ని చూసొచ్చిన మనిషి ఇంటికొకరు దొరుకుతారు. బాపట్ల సూర్యలంక చూడనివాళ్లు కూడా దుబాయ్ తీరం చూశారు. కాకపోతే సెలవు గడపడానికి వెళ్లలేదు, అంతే తేడా.

మా సెలవులు ఎప్పుడూ మూడు ఊళ్ల మధ్యే. జగిత్యాలలో ఇల్లు, కోరుట్లలో అమ్మానాన్న, సిరిసిల్ల వైపు అత్తగారిల్లు. ఈసారీ అంతే. కానీ దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన మా బావమరిది ఫోన్ చేసి, ‘‘బావా, అల్లున్ని తోల్కరా. బీచ్ ఇక్కడనే చూపిస్త’’ అన్నాడు.

కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా వేములవాడ బాట పట్టాం. ఎస్సారెస్పీ వరద కాలువ వచ్చేది మా ప్రాంతం మీదుగానే. శ్రీరాంసాగర్ దగ్గర మొదలై 122 కిలోమీటర్లు నడిచి మధ్య మానేరులో కలుస్తుంది. అంటే మేం వెళ్తున్న చోటుకే! మావాడికి ఆ సంగతి చెబితే, ‘‘మరి పడవేస్కొని పోతే అయిపోయేది కదా’’ అన్నాడు. నిజమే, కాలువలో నీళ్లుంటే!

మానేరు మీద మూడు ఆనకట్టలు. నర్మాల దగ్గరి ఎగువ మానేరు నిజాం నాటి తలంపు. కరీంనగర్ ఆనుకుని ఉన్నది దిగువ మానేరు. ఈ రెంటి మధ్య, మన్వాడ దగ్గర కట్టింది మధ్య మానేరు. వేములవాడ రాజన్న పేరు పెట్టి శ్రీ రాజరాజేశ్వర జలాశయం అంటున్నారు. నిండితే 27 టీఎంసీల పైచిలుకు. 2016 సెప్టెంబరు వానలకు, పని పూర్తి కాకముందే కట్ట తెగింది. ఆ తర్వాత కట్టి, నీళ్లు నింపారు. కొదురుపాక వంతెన మీద ఆగి చూస్తే అవతలి ఒడ్డు ఆనదు. గాలి లేస్తే అలలు కూడా వస్తాయి. మావాడు కారు దిగీ దిగగానే అరిచాడు... ‘‘సముద్రం!’’

పక్కనే నిలబడ్డ మా ఆవిడ ఏమీ అనలేదు. ఆమె పుట్టిన ఊరు ఆ నీళ్లలోనే ఉంది మరి.

చింతలఠాణా, కొడుముంజ, అనుపురం, సంకెపల్లి, రుద్రవరం, చీర్లవంచ, నీలోజిపల్లి... ముంపు ఊళ్ల పేర్లు చదువుకుంటూ పోతే చాలాసేపే పడుతుంది. వరదవెల్లి గుట్ట మీది దత్తాత్రేయ స్వామి గుడి నీళ్లు నిండితే దీవి అయిపోతుంది. పడవ ఎక్కి వెళ్లి మొక్కి వస్తారు. మా మామయ్య కుటుంబం పునరావాస కాలనీలో ఇల్లు కట్టుకుంది. ఇల్లు బాగానే ఉంది. కానీ ఆయన పొద్దున లేవగానే ఎటో వెళ్లిపోతాడు. ‘‘ఏడికి పోతడు... గా నీళ్ల కాడికే’’ అంటుంది అత్తమ్మ.

మొదటి రోజు సాయంత్రం ఒడ్డు మీద నుంచే గాలం. చేపల మీద హక్కు మత్స్య సహకార సంఘానిది కాబట్టి, సంఘంలో ఉన్న మామయ్య దోస్తును ముందే అడిగి పెట్టుకున్నాం. మీరు వెళ్లినా ఆ మాట అడగడం మరవకండి. బావమరిది దుబాయ్ నుంచి తెచ్చిన రీలు కర్ర బయటికి తీశాడు. అక్కడ సెలవునాడు సముద్రపు ఒడ్డున దోస్తులతో కలిసి గాలం వేసేవాడట. ఊరికే కాదు, దానికీ పర్మిట్ ఉండాలి. హమూర్ పడితే ఆ రాత్రి రూములో పండగే. ‘‘అల విరిగే చోటు దాటి పడాలె బావా. సీసం బరువుంటెనే ఇసుకల నిలుస్తది. చేప తెల్ల నురగ కిందనే తిరుగుతది’’ అని పాఠం చెప్పాడు. ఇక్కడ నురగ లేదు కానీ గాలి ఎటు కొడితే ఆ ఒడ్డుకే మేత కొట్టుకొస్తుంది, దాని వెంట చిన్న చేప, దాని వెంట పెద్దది. సూత్రం అదే.

మామయ్యది వెదురు కర్ర. దారానికి నెమలి ఈక బెండు, కొక్కేనికి ఎర్రలు. కూర్చున్న చోటు నుంచి లేవకుండానే నాలుగు పరకలు, ఒక జెల్ల. మావాడికి ఇదంతా అరగంటలో బోరు కొట్టింది. మోకాటి లోతు నీళ్లలోకి దిగి చప్పట్లు కొడుతూ ముందుకు పోతున్నాడు. అడుగున మెత్తటి ఒండ్రు, నీళ్లు ప్రశాంతంగా ఉన్నాయి. మేమూ పట్టించుకోలేదు.

‘‘అటు పోకు కొడుకా! ఆగు ఆడనే!’’

మామయ్య గొంతు అంత పెద్దగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. కర్ర పారేసి, పంచె తడవడం కూడా చూసుకోకుండా ఉరికి వాడి రెక్క పట్టుకున్నాడు. ‘‘ఏమైంది తాతా?’’ అంటే, చేతిలోని వెదురును రెండడుగుల ముందుకు దించాడు. కర్ర పూర్తిగా మునిగింది. ఆయన మోచేయి మునిగింది. అడుగు తగల్లేదు.

‘‘బాయి’’ అన్నాడు.

అది వాళ్ల పాలివాళ్ల వ్యవసాయ బావి. ముప్పై నలభై అడుగుల లోతు. దానికి ఒరలు లేవు, గడ్డ లేదు... ఇప్పుడు కంటికి కనపడేది సాయంత్రం ఎండలో మెరిసే నీళ్లే. సముద్రంలో కనీసం అల హెచ్చరిస్తుంది. ఇక్కడ చేను ఎక్కడ ఆగి బావి ఎక్కడ మొదలవుతుందో ఆ ఊరివాళ్లకే ఎరుక. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు ఇది ఇంకా ప్రమాదం. నిండుగా ఉంటే ఎవరూ అంత దూరం నడవరు కదా! సెలవుల్లో ఈతకు వెళ్లి మునిగిన పిల్లల వార్తలు మనం ఏటా చదువుతూనే ఉన్నాం. ఆ రాత్రి మా ఆవిడ వాడిని పక్కలోంచి కదలనివ్వలేదు. నాకూ నిద్ర పట్టలేదు.

అయినా రెండో రోజు వెళ్లాం. వద్దంటే మావాడు వినలేదు, వాడికంటే ముందు బావమరిది వినలేదు. గాలి నింపే కయాక్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించి పెట్టుకున్నాడాయె! కయాక్ అనేది మంచు దేశాల ఇన్యూట్‌ల వేట పడవ. సీల్ తోలు బిగించి కట్టుకునేవాళ్లు. వాళ్ల సముద్రంలో తుమ్మచెట్లు ఉండవు. మానేరులో ఉన్నాయి. పొలం గట్ల మీద కొట్టేసిన తుమ్మ మొదళ్లు నీటి కింద ముళ్లతో సహా అలాగే ఉన్నాయి. ఒడ్డు నుంచి యాభై గజాలు పోయామో లేదో, కింద ‘స్స్...’మని చప్పుడు. పడవకు అరలు వేర్వేరుగా ఉన్నాయి, లైఫ్ జాకెట్లు వేసుకున్నాం. బతికిపోయాం కానీ కయాక్ ఒకవైపు ఒరిగి, మెత్తబడ్డ అరటిపండులా అయింది. ఒడ్డున మామయ్య దోస్తు నవ్వి నవ్వి కూర్చుండిపోయాడు.

తర్వాత ఆయన తెప్పే దిక్కయింది. తెప్ప అంటే ఏమీ లేదు... థర్మోకోల్ దిమ్మెలు, పైన గట్టి పట్టా, చుట్టూ తాడు, చేతిలో తెడ్డు. ముల్లు గుచ్చుకుంటే గుచ్చుకుంటుంది, గాలి పోయేదేముంది? కోస్తాలో దుంగలు కట్టి చేసే తెప్ప కూడా ఇలాంటి మొండిదే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఇంజను లేని తెప్పలకు మాత్రం మినహాయింపు. మనవాళ్లు బీచ్‌లకు వెళ్లే సెలవుల్లో అలల మీద తెప్పలు ఎక్కువగా కనిపిస్తాయంటే కారణం అదే.

తెప్ప మీద ఇద్దరికి మించి పట్టరు. మామయ్య, నేను ఎక్కాం. మావాడు ఒడ్డు నుంచే చూస్తానని వాళ్లమ్మకు మాటిచ్చాడు. చీకటి పడుతుండగా పరకను ఎరగా గుచ్చి, బావమరిది రీలు కర్రతోనే వేశాం. బరువైనదేదో పట్టింది. పది నిమిషాలు గుంజితే వాలుగ! నోటి నిండా సన్నటి పళ్లు, మూరెడు మీసాలు. రెండు కిలోలకు తక్కువ ఉండదు. ఇంకొంచెం ముందుకు పోదామన్నాను నేను. వేటగాడి ఆశ అలాంటిది.

మామయ్య తెడ్డు ఆపేశాడు. కరెంటు స్తంభం తల ఒకటి జానెడు నీటి పైకి ఉంది. దాన్ని చూసి, ఎడమకు చూసి, మళ్లీ దాన్ని చూశాడు. ఏదో లెక్క.

‘‘ఈడ గాలమెయ్యద్దు అల్లుడా.’’

‘‘ఏం మామా, బాయి ఉందా?’’

‘‘కాదు. ఇది మన వాకిలి.’’

నేను దారం చుట్టేశాను. మా పెళ్లి పందిరి ఆ వాకిట్లోనే వేశారు. అలా ఎంతసేపు ఉన్నామో తెలియదు. ఆయన వంగి, దోసిలితో నీళ్లు తీసుకుని ముఖం కడుక్కున్నాడు. తర్వాత తెప్ప తిప్పాడు.

వాలుగను అత్తమ్మ పచ్చిమామిడి ముక్కలు వేసి పులుసు పెట్టింది. మామిడికాయలు మేం తీసుకెళ్లినవే. సగం ఆ రాత్రి, సగం తెల్లారి జొన్నరొట్టెతో. తెల్లారి తిన్నదే రుచి, దీని మీద మా ఇంట్లో రెండో అభిప్రాయం లేదు. మిరుగం దాకా ఉండమన్నారు కానీ, జూన్ 8 దాకా నా సెలవు లేదు.

కయాక్‌కు అతుకులేస్తున్నాడు బావమరిది. మావాడు మాత్రం క్లాసులో చెప్పడానికి వాలుగ ఫొటో దాచుకున్నాడు. మొన్న ఆదివారం తాతకు ఫోన్ చేసి, రుషికొండ ఊసు ఎత్తకుండా ఇంకేదో మాట్లాడుతున్నాడు. స్పీకర్ ఆన్ చేశాను.

‘‘ఆరు బాయిలకు కట్టెలు నాటిన బిడ్డా. ఎర్రగుడ్డ కట్టిన, దూరంకెళ్లి కనబడ్తది’’ అంటున్నాడు మామయ్య. ‘‘ఇంకో రెండున్నయి. నీళ్లు ఇంత తగ్గంగనే గవి గూడ నాటుత.’’